సానరాయికి నీలి రంగు

ఉద్యోగంలో చేరకముందు కొన్నేళ్లు నారాయణఖేడ్ నుంచి ఒక దినపత్రికకు వార్తలు పంపేవాణ్ని. సంగారెడ్డి డెస్కులో కూర్చునే పెద్దాయన ఫోన్‌లో ఎప్పుడూ ఒకటే మాట చెప్పేవాడు: "జరిగింది రాయి. కోపం నువ్వు పడకు, చదివినోనికి రానియ్యి." ఆ తర్వాత చేతికొచ్చిన పనిలోనే సర్కారు నౌకరీ దొరికి, ఒక శిక్షణ కేంద్రంలో వడ్రంగం నేర్పే మాస్టర్‌నయ్యాను. పత్రిక పోయినా పెద్దాయన మాట పోలేదు. ఎక్కడ ఏం రాసినా అలాగే రాశాను. ఈ ఒక్క సంగతి దగ్గర మాత్రం ఆ మాట నిలబెట్టుకోగలనని అనుకోను. కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్లు నా కోపాన్ని మన్నించి, జరిగింది మాత్రం చదవండి.

వడ్రంగం నేర్పే చోట ఉలికి పదును లేదంటే బయటివాళ్లు నమ్మరు. మా దగ్గర లేదు. ఉలులు ఉన్నాయి, చెక్కను చిత్రిక పట్టే రందాలు ఉన్నాయి, రంపాలు ఉన్నాయి. అన్నీ మొద్దుబారినవే. వాటికి పదును పెట్టడానికి పైనుంచి ఒక యంత్రం వచ్చింది. చెక్కపెట్టెలో, మేకులు కొట్టి, నాలుగు వైపులా 'జాగ్రత్త' అని రాసి మరీ పంపారు. దానికి మూడు ఫేజుల కరెంటు కావాలి. మా షెడ్డుకు ఉన్నది ఒకటే ఫేజు. లైను మార్చాలని రాస్తే యంత్రం వాడుకలో ఉందో లేదో ముందు తెలపమన్నారు. వాడుకలో లేదని రాస్తే, వాడని యంత్రానికి కొత్త లైను ఎందుకన్నారు. ఆ పెట్టె మీదే మేం చాయ్ గ్లాసులు పెట్టుకునేవాళ్లం. మేకులు తుప్పు పట్టాయి. పెట్టె మాత్రం తెరుచుకోలేదు.

మొద్దు ఉలితో ప్రమాదం ఏమిటో పనిచేసినవాళ్లకు తెలుసు. పదునున్నదైతే చేత్తో తోస్తే కట్టెలోకి దిగుతుంది. లేనిదాన్ని బలంకొద్దీ తొయ్యాలి. బలం ఎక్కువైనప్పుడు అది కట్టె మీద నిలవదు, జారుతుంది. జారినప్పుడు ముందర ఉండేది రెండో చెయ్యి.

అట్లా జారింది ఒకామె చేతి మీదికి. బోరంచ పక్కన చిన్న పల్లె ఆమెది. ముప్పై దాటిన మనిషి, ఇద్దరు పిల్లల తల్లి. నిజానికి ఆమె కుట్టుపని నేర్చుకుందామని వచ్చింది. కుట్టుపని నేర్పే టీచరు రిటైరయ్యాక ఆ పోస్టు నింపలేదు, తరగతి మూసేశారు. ఆఫీసులో గుమస్తా, "ఇంటికన్న పో, కట్టెపనిలనన్న కూసో" అన్నాడట వెటకారంగా. ఈమె వచ్చి కట్టెపనిలో కూర్చుంది.

మొదట్లో మగపిల్లలు నవ్వారు. "అక్కా, రందా పట్టుడంటే రొట్టె కొట్టుడు గాదు" అన్నాడొకడు. "నువ్వు రొట్టె కొట్టు, నేను రందా పడత. ఎవల్ది గుండ్రంగొస్తదో చూద్దాం" అందామె. ఆ రోజు నుంచి ఆమెను ఎవరూ ఎగతాళి చెయ్యలేదు.

ఆమె పట్టుదలకు ఒక కారణం ఉంది. ఆమె పెద్దకూతురు చదివే ఆడపిల్లల హాస్టల్లో బాత్‌రూముల తలుపులు పడవు. చెక్క ఉబ్బి, గడియలు ఊడి, మూయబోతే మధ్యలోనే ఆగిపోతాయి. ఒక పిల్ల లోపలికి వెళ్తే ఇంకో పిల్ల బయట చున్నీ అడ్డం పట్టి నిలబడాలి. రిపేరుకు మగమనుషులను పంపితే పిల్లలు ఉన్నంతసేపూ రానివ్వరు. సెలవుల్లో రమ్మంటే వాళ్లు పట్నం పనుల్లో ఉంటారు. విసిగిపోయిన వార్డెనమ్మ ఒక రోజు ఈమెతో అంది: "నువ్వు కట్టెపని నేర్సుకుంటున్నవంట గద. సర్టిఫికెట్ తీసుకరా. రిపేరు పనికి ఆడమనిషిని పెట్టుకునెతందుకు నాకు పైనుంచి మంజూరుంది. కాయితం లేంది పెట్టుకోనిస్తలేరు."

కాబట్టి ఆమెకు ఆ సర్టిఫికెట్ ఒక్కటే దారి. పరీక్ష తప్పితే మొగనితోపాటు పట్నం అడ్డా మీదికి కూలికి పోవాలి. చిన్నపిల్లను ఎవరి దగ్గర వదలాలో తెలియదు. పెద్దపిల్ల ఆ తలుపుల దగ్గరే ఉండాలి.

ఉలి జారి ఎడమ అరచెయ్యి చీలినప్పుడు నేనే బండి మీద దవాఖానకు తీసుకెళ్లాను. కుట్లు వేస్తుంటే ఆమె గోడవైపు చూస్తూ ఉంది. బయటికి వచ్చాక అంది: "సారూ, నా చెయ్యి మొద్దు గాదు. మీ ఉలి మొద్దు."

మర్నాడు ఫిట్టర్ తరగతి మాస్టర్‌ను పట్టుకున్నాను. బీదర్ దిక్కు మనిషి, నాకంటే చిన్నవాడు. ఏం చెప్పినా ముందు కన్నడంలో "హౌదు", అంటే అవును, అంటాడు, ఆ తర్వాతే ఆలోచిస్తాడు.

"ఇగ పైనుంచి ఏం రాదు. పారేసినవాటితోని మనమే కట్టుకుందాం" అన్నాను.

"హౌదు అన్నా. నాకాడ ఖరాబైన వాషింగ్ మిషన్ మోటరుంది. చక్రం తగిలిస్తే జల్దీ అయిపోతది."

జల్దీ అయింది, చెడిపోవడం కూడా అంతే జల్దీగా అయింది. మోటారు వేగానికి ఉలి అంచు కాలి నీలంగా మారింది. అట్లా కాలిన ఇనుము మెత్తబడిపోతుంది, పదును పట్టినా గంట కూడా నిలవదు. పిల్లలేమో ఆ రంగు చూసి "మస్తుంది సార్" అని మురిసిపోయారు. మూడు ఉలులు పోయాక ఫిట్టర్ మాస్టర్ మోటారు విప్పేసి, దాన్ని చూసి "దీనికి బట్టలుతుకుడే సరి" అన్నాడు.

మాకు కావలసింది నెమ్మదిగా తిరిగేది. మూసేసిన కుట్టు తరగతిలో మిషన్లు పోయినా వాటి ఇనుప స్టాండ్లు మూలకు పడి ఉన్నాయి. ఒక స్టాండు తెచ్చి, కాలితో తొక్కే పలకకు కొత్త పట్టా వేసి, పైన సానరాయి చక్రం బిగించాం. ఆ రాయి సైకిల్ మీద ఊరూరా తిరిగి కత్తులు నూరిన ఒక ముసలాయనది. ఆయన పని మానేశాక ఇంటి ముందు పడి ఉంటే అడిగి తెచ్చాం. చక్రం మీద నీళ్లు చుక్కచుక్కగా పడాలి. దానికి దవాఖాన కంపౌండర్ ఇచ్చిన ఖాళీ గ్లూకోజ్ సీసా, దాని పైపు పనికొచ్చాయి. చుక్క ఎంత వేగంగా పడాలో పైపుకున్న చిన్న చక్రంతో తిప్పుకోవచ్చు. మొదటి రోజు దాన్ని చూసి ఒక పిల్లవాడు, "సార్, రాయికి జరమొచ్చిందా?" అన్నాడు.

చక్రం మీద దిద్దాక నునుపు చెయ్యడానికి వంటగది గట్లు చేసే దుకాణం వెనక పారేసిన గ్రానైట్ ముక్కలు తెచ్చాం. వాటి మీద గరుకు కాగితం అంటించుకున్నాం. ఆ తర్వాత ఒక షాబాద్ బండ. చివరికి మూతపడ్డ పిండిగిర్నీలోంచి తెచ్చిన తోలుపట్టా ముక్కను పాత దర్వాజా చెక్కకు మేకులతో కొట్టి పెట్టాం. దాని మీద అటూ ఇటూ గీస్తే అంచు తేటపడుతుంది. బల్ల కూడా కూలగొట్టిన పాత ఆఫీసు తలుపే.

ఇవన్నీ ఒక వరుసలో అమర్చి, మొదటి ఉలి నూరి, దాన్ని ఆమెకే ఇచ్చాను. కుట్లు విప్పి ఎన్నో రోజులు కాలేదు. టేకుముక్క మీద పెట్టి చేత్తో తోసింది. పొర ఉల్లిపొట్టులా లేచి చుట్టుకుంది. ఆమె దాన్ని వేళ్ల మధ్య పట్టుకుని వెలుతురులో చూసి, "ఇన్ని దినాలు మేం జేసింది కట్టెపని గాదు సారూ, కట్టెతోని కొట్లాట" అంది.

ఆ తర్వాత కొన్ని నెలలు మా షెడ్డు ఎంత బాగా నడిచిందో! పిల్లలు పదును చూసుకోవడానికి చేతి మీది వెంట్రుకలు గీసుకునేవాళ్లు. తరగతి మొత్తం ఎడమ చేతులు నున్నగా పెట్టుకుని తిరిగింది. బజార్లోంచి దర్జీలు కత్తెరలు పట్టుకొచ్చేవాళ్లు. చికెన్ సెంటర్ ఆయన కత్తి పంపి, "సార్‌కు సలాం చెప్పు" అనేవాడు. ఎవరికీ చెయ్యి తెగలేదు. ఒక బడికి ఇంతకంటే ఏం కావాలి?

అప్పుడు పైనుంచి పెద్ద ఆఫీసరు వస్తున్నాడని కబురు వచ్చింది. సోమవారం తనిఖీ. మంగళవారం పిల్లల పరీక్ష. నన్ను శుక్ర, శనివారాలు సంగారెడ్డిలో ఏదో సమావేశానికి పంపారు. అక్కడ నైపుణ్యం గురించి తెర మీద బొమ్మలు చూపించారు.

సోమవారం పొద్దున షెడ్డు కిటికీలోంచి చూసి ఆగిపోయాను. లోపలంతా నీలి రంగు. స్టాండు నీలం, బల్ల నీలం. సరే అనుకోవచ్చు. సానరాయి చక్రం నీలం. గ్రానైట్ ముక్కలు, షాబాద్ బండ నీలం. తోలుపట్టా కూడా నీలమే, దాని అంచున తెల్లగీత కూడా గీశారు. గ్లూకోజ్ సీసా తీసేసి ఆ చోట ప్లాస్టిక్ పూలగుత్తి కట్టారు. గోడ మీద కొత్త బోర్డు: 'అత్యాధునిక పదును కేంద్రం'. చెక్కపెట్టె మీద బట్ట కప్పి, దాని మీద కొబ్బరికాయలు పెట్టారు. తలుపుకు తాళం.

వెనక్కి తిరిగితే వరండాలో స్టోర్ చూసే ఆయన కూర్చుని ఉన్నాడు. ఆయన ముందు పాత పేపర్లు పరిచి, వాటి మీద ఉలులు ఆరబెట్టి ఉన్నాయి. పిడి నుంచి మొన దాకా వెండి రంగు, గేట్లకు వేసేది.

"ఏందన్నా ఇది?" అన్నాను.

"రంగు." నా ప్రశ్నే ఆయనకు వింతగా ఉంది. "తుప్పు పట్టకుండ ఏసిన. ఎట్ల మెరుస్తున్నయో సూడు."

"రాళ్లకెందుకు వేసినవ్?"

"గలీజుగ ఉండె. నల్లగ బురద బురద. పెద్దసారు వచ్చి చూస్తే మన ఇజ్జత్ పోదా? ఇగో, రెండు కోటింగులు ఏసిన" అన్నాడు. నా నుంచి మంచిమాట కోసం చూస్తున్నాడు. ఆయన మంచివాడే. దుర్మార్గం ఏ కోశానా లేదు. అదే నన్ను ఇప్పటికీ మండిస్తుంది. దుర్మార్గుడైతే తిట్టి ఊరుకునేవాణ్ని.

ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్లాను. రేపు పరీక్ష ఉందని, రంగు పట్టిన రాయి ఉలిని నూరదని, రాళ్ల మీద రంగు గీకించాలని, తాళంచెవి ఇమ్మని అడిగాను.

"నీకేమన్న పిచ్చా? ఇయ్యాల తనిఖీ పెట్టుకొని రంగు గీకుతడా ఎవడన్న? సారు చూసి పోయినంక రాత్రంత గీకుకో."

"ఎనామిల్ సార్, రాయిల ఇంకుతది. గంటల గీకితే పోయేది కాదు. రేపు పొద్దుగాల వాళ్లకు ఉలులు కావాలె."

"ఇన్నేండ్లు మొద్దు ఉలులతోనే పరీక్షలు రాసిండ్రు గద. ఒక్కరోజుకు ఏమైతది?"

ఈ మాట నేను కల్పించింది కాదు. చేతికి కుట్లు పడిన మనిషి కిటికీ అవతలే నిలబడి ఉండగా అన్నాడు. ఆయన కుర్చీ వెనక గోడ మీద భద్రతా నియమాల పట్టిక ఉంది, దానికి గాజు ఫ్రేము కూడా ఉంది.

నేను బయటికి వచ్చేసరికి ఆమె వరండా నేల వైపు చూస్తోంది. మా ఆఫీసు వరండా అంతా షాబాద్ బండ. ఏళ్ల తరబడి నడిచి నడిచి అద్దంలా నునుపెక్కింది.

"సారూ, మా ఊర్ల కొడవండ్లు బండ మీదనే నూరుకుంటం. మొదాలు ఇసుక, తర్వాత ఒట్టి నీళ్లు. గిది ఒక్క దిక్కున గూడ రంగెయ్యలే."

ఆమె చీర కొంగు నడుముకు దోపి, ప్రిన్సిపాల్ గది ముందు గొంతుక్కూర్చుంది. ఒక పిల్లవాడు కట్టడం పని జరిగే చోటు నుంచి చాటెడు ఇసుక తెచ్చాడు. ఇంకొకడు బకెట్‌తో నీళ్లు తెచ్చాడు. కాసేపట్లో తరగతి మొత్తం రెండు వరుసల్లో కూర్చుని ఉలులు నూరుతోంది. వెండి రంగు బూడిదై నీళ్లలో కలిసి మెట్ల మీదుగా కారుతోంది. ఫిట్టర్ మాస్టర్ వచ్చి చూసి, "హౌదు" అన్నాడు, చొక్కా చేతులు మడిచి తానూ కూర్చున్నాడు.

ప్రిన్సిపాల్ గడప దాటి బయటికొచ్చాడు. "ఏందీ లొల్లి? లేవుండ్రి! నేలంత ఖరాబు చేస్తుండ్రు!"

ఆమె తలెత్తలేదు. "రేపు పరీచ్ఛ మీది గాదు సార్, మాది."

ఆయన నోరు తెరిచేలోపే గేటు దగ్గర జీపు హారన్ మోగింది. పొద్దున రావలసినాయన భోజనాల తర్వాత వచ్చాడు. వెనక నలుగురు, ఒక కెమెరా. వరండా మెట్ల దగ్గర ఆగి, నీళ్లలో గొంతుక్కూర్చుని నేలను రుద్దుతున్న ఇంతమందిని చూశాడు. ఆయన ముఖం వికసించింది.

"శ్రమదానమా? శిక్షణార్థులే కడుగుతున్నారా? ఇదీ స్ఫూర్తి అంటే!"

"అవును సార్" అన్నాడు ప్రిన్సిపాల్. గొంతులో తడబాటు కూడా లేదు.

ఆమె ఉలి పైకెత్తి, "నూర్తున్నం సార్" అంది. కెమెరా అప్పటికే మెరిసింది. ఆయన అప్పటికే ముందుకు నడిచాడు.

షెడ్డులో బోర్డు ముందు నిలబడి నీలి చక్రాన్ని వేలితో తాకాడు. పారేసిన సామాన్లతో కట్టామని ప్రిన్సిపాల్ గొప్పగా చెప్పాడు. "నమ్మలేకపోతున్నాను, కొత్తగా కొన్నట్టే ఉంది" అన్నాడు ఆఫీసరు. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. చక్రాన్ని తొక్కి చూపించమని ఒక్కరూ అడగలేదు. బట్ట కింద ఏముందని కూడా అడగలేదు. జీపు వెళ్లేసరికి మా పిల్లలు ఇసుక కడిగేసి ఒట్టి నీళ్ల మీదికి వచ్చారు.

మర్నాడు జిల్లా పేజీలో ఫొటో పడింది. నేలను అద్దంలా మార్చిన శిక్షణార్థులని కింద రాశారు. ఒకప్పుడు నా వార్తలు పడ్డ పేజీ అది. రాసిన కుర్రాడికి ఫోన్ చేశాను. "సార్, నేను ఆడ లేను. ఫొటో, మ్యాటరు ఆఫీసోళ్లే పంపిండ్రు" అన్నాడు. "ఆమె చేతిలో ఏముందో చూసినవా?" అన్నాను. "బ్రష్షనుకున్న సార్" అన్నాడు.

అదే రోజు పరీక్షకు వేరే ఊరి నుంచి ఒకాయన వచ్చాడు. మాట తక్కువ. ఒక చెక్కలో బెజ్జం తొలిచి, రెండో చెక్క కొసను దానిలో దిగేట్టు చెక్కాలి. మేకు కొట్టకుండా, జిగురు పెట్టకుండా నిలబడాలి. ఆమె ఎడమ చెయ్యి ఇంకా పూర్తిగా ముడుచుకోదు. అయినా చెక్క మీద సుత్తి చప్పుడు తొందరపడలేదు. రెండు ముక్కలు కలిపి ముందు పెట్టినప్పుడు ఆయన పట్టుకుని లాగాడు, కిటికీకి ఎదురుగా ఎత్తి చూశాడు. సందులోంచి వెలుతురు రాలేదు.

"ఉలి మంచిగుంది. యాడ నూరినవమ్మా?" అన్నాడు.

"ప్రిన్సిపాల్ సారు గది ముందట" అందామె.

తమాషా అనుకుని ఆయన నవ్వాడు. నవ్వుతూనే మార్కులు వేశాడు.

అదే వారం నాకు మెమో వచ్చింది. వరండా నేలను పాడు చేయించినందుకు సంజాయిషీ ఇవ్వాలట. ఆమె చెయ్యి చీలినప్పుడు ఎవరికీ మెమో రాలేదు. ఏళ్లపాటు యంత్రం పెట్టెలో కుళ్లినందుకు రాలేదు. సానరాయికి రంగు వేసినందుకు రాలేదు. నేల గీసుకుపోతే వచ్చింది. జరిగింది జరిగినట్టు రాసి ఇచ్చాను, ఒక్క విశేషణం కూడా వాడకుండా. దానికి జవాబు రాకముందే రిటైరయ్యాను. చక్రాన్ని బాగుచెయ్యడానికి మేం పడ్డ తిప్పలు వేరే. గీకితే రంగుతోపాటు రాయి కూడా రాలింది. మళ్లీ ఇంకో రాయి వెతకాల్సి వచ్చింది.

ఇదంతా విని చిన్నవాళ్లు కొందరు, "చివరికి మంచే జరిగింది గదా సార్" అంటారు. అట్లా అనకండి. ఆమె పాసయింది మన వల్ల కాదు. మనం అడ్డం పడినా పాసయింది. ఈ రెండింటికీ తేడా తెలియనివాళ్లు ఏ ఆఫీసులో చేరినా రంగు డబ్బాతోనే తిరుగుతారు.

వార్డెనమ్మ మాట తప్పలేదు, ఆమెను పెట్టుకుంది. మొన్న ఆమె బస్టాండులో కనిపించింది, భుజానికి సంచీ, అందులో ఉలులు. పని ఎట్లా ఉందని అడిగాను.

"బాత్‌రూముల తలుపులన్ని అయిపోయినయి సారూ. మొదటి తలుపుకు గడియ పెట్టిన దినం మా పెద్దది లోపటికి పోయి ఏసుకుంది, ఎంతకూ బయటికొస్తలేదు. ఏమైందే అని తలుపు కొట్టిన. ఏం గాలే అమ్మా, ఊకెనే నిలబడ్డ అన్నది."

ఆమె ఊరి దిక్కు పోయే మనూర్ బస్సు వచ్చింది. ఆమె సంచీ సర్దుకుని ఎక్కింది.